ఆమె పేర పడిన ముద్ర

“అరవై క్యాబేజీలు ఎక్కువని నేను ఈ ఏడే అనడం లేదు కదా అత్తయ్యా. నిరుటి కిమ్చీ డబ్బాలు ఇంకా ఎనిమిదున్నాయి మా ఫ్రిజ్‌లో,” అంది హేరాన్, తొట్టిలోని ఉప్పునీళ్ళలోంచి నిలువుగా చీల్చిన క్యాబేజీ ఒకటి పైకి తీసి పిండుతూ.

“నిరుటిది పులుసులోకి. కొత్తది అన్నంలోకి. ఇరవై ఏళ్ళు కాపురం చేశావు, ఇది కూడా నేనే చెప్పాలా?”

“నలభై చాలంటే రెండు వారాల కింద ఫోనులో మీరే సరే అన్నారు.”

“అన్నాను. తర్వాత జంగ్‌మి వాళ్ళత్తగారికి ఓ ఇరవై పంపుదామని తోచింది. దాని అత్తారింటికి నేను పంపకపోతే ఎవరు పంపుతారు?”

“పంపండి, వద్దనడం లేదు. ఆ ఇరవై పిండేది కూడా జంగ్‌మే అయితే బావుండునని.”

“దానికి నడుం నొప్పి.”

నడుం నొప్పి ఉన్న ఆడపడుచు లోపల వెచ్చటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ముల్లంగి సన్నగా తరుగుతూ, ఫోనులో ఎవరితోనో నవ్వుతోంది. హేరాన్ మరో క్యాబేజీ తీసి పిండింది. నవంబరు ఆఖరి శనివారం, చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజు. యాంగ్జు ఊళ్ళో అత్తగారి పెరట్లో కుళాయి నీళ్ళు నూలు చేతితొడుగుల్ని, వాటి మీది రబ్బరు తొడుగుల్ని దాటుకుని ఎముకలకి తగులుతున్నాయి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే ఇరవై అయ్యాయి. ఇంకా నలభై ఉన్నాయి. అందులో ఎక్కువైన ఇరవై గురించే వాదన, కానీ అవి అప్పటికే ఉప్పులో నానుతున్నాయి గనక వాదనకి అర్థం లేదు. ఆ ఇంట్లో ఆమె గెలిచిన వాదనలన్నీ పని అయిపోయాక గెలిచినవే.

కారం కలపడానికి ముందు ఆమె మాస్కు పెట్టుకుంది. ఏటా పెట్టుకుంటుంది. ఏటా అత్తగారు అదే మాట అంటుంది.

“పాటగత్తె గొంతు మరి. మనలాంటి వాళ్ళవి గొంతులు కావు.”

హేరాన్ పనేమిటో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. “పిల్లలకి పాటలు నేర్పుతుంది” అని చెబుతాడు ఆమె భర్త గ్యూహో, ఎవరైనా అడిగితే. నేర్పడం కాదు. ఒక పాట తయారయ్యాక, దాన్ని పాడాల్సిన అమ్మాయిల చేతికి వెళ్ళేముందు, ఎవరో ఒకరు మొదటిసారి పాడి పెట్టాలి. ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఏ మాటని సాగదియ్యాలో, ఏ చోట గొంతు కాస్త జీరపోయినట్టు ఉంటే వినేవాళ్ళ కడుపులో కదులుతుందో ఆ ఒకరు తేల్చాలి. దాన్ని గైడు అంటారు. అమ్మాయిలు దాన్ని చెవిలో పెట్టుకుని నెల రోజులు అచ్చు అలాగే పాడటం నేర్చుకుంటారు. వాళ్ళ గొంతు రికార్డయ్యాక మొదటి గొంతుని చెరిపేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆ చెరిపేసే గొంతు హేరాన్‌ది. ఆమెకిప్పుడు నలభై ఆరు. దుకాణాల్లో, బస్సుల్లో, కూతురు హారిమ్ గది తలుపు వెనక, తను ఊపిరి తీసిన చోటే పదహారేళ్ళ పిల్లలు ఊపిరి తీస్తూ ఉంటే విని, ఏ పాట తనదో లోపలే గుర్తుపట్టి, బుట్టలో ఉల్లికాడలు వేసుకుని ఇంటికి వస్తుంది. పాట వెనక పేర్లు వేసే చోట రాసినవాళ్ళు, కట్టినవాళ్ళు, మీటలు తిప్పినవాళ్ళు, చివరికి కాఫీ తెచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు కూడా ఉంటాయి. గైడు పాడినవాళ్ళ పేరు ఉండదు. ఒకసారి అడిగింది. ఎనిమిదేళ్ళుగా ఆమె పనిచేసే దోల్‌దమ్ అనే చిన్న కంపెనీ పెద్ద, దో సెవోన్, ఆమె కన్నా మూడేళ్ళు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. “అక్కా, గైడు పేరు ఎక్కడా వెయ్యరు కదా. మనమొక్కళ్ళం వేస్తే నవ్వరూ?” అంది. నవ్వుతారు కాబోలని హేరాన్ కూడా నవ్వింది.

ఆ దోల్‌దమ్‌కీ, దాన్ని పుట్టించిన నారూ అనే తల్లి కంపెనీకీ ఇప్పుడు కోర్టులో గొడవ. దోల్‌దమ్‌లో ఉన్నది నలుగురమ్మాయిల బృందం ఒక్కటే. ఆ బృందం పేరు మోగాక, దాన్ని తయారుచేసింది మేమంటే మేమని ఇద్దరూ కొట్టుకున్నారు. సెవోన్ నలుగురినీ లేవదీసుకుపోయి వేరే దుకాణం పెట్టబోతోందని నారూ వాళ్ళు ఆమెని పదవిలోంచి దింపడానికి వాటాదార్ల సమావేశం పిలిచారు. దాన్ని ఆపమని సెవోన్ కోర్టుకెళ్ళింది. బుధవారం విచారణ. ఇదంతా పేపర్లలో, టీవీలో, అమ్మాయిల అభిమానులు కంపెనీ ముందు తెచ్చి నిలబెట్టిన ట్రక్కుల తెరల మీద నాలుగు నెలలుగా నడుస్తోంది. హేరాన్ ఇంట్లో ఇంకోరకంగా నడుస్తోంది. గ్యూహో నారూలో పనిచేస్తాడు. న్యాయ వ్యవహారాల విభాగంలో డిప్యూటీ. జనవరిలో డైరెక్టరు అవుతాడని చెప్పుకుంటున్నారు.

మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. “మనింట్లో కూడా మధ్యలో గీత గీద్దామా? వంటిల్లు నీది, హాలు నాది,” అన్నాడు గ్యూహో. వంటిల్లు ఎప్పుడూ తనదేగా అనుకుంది హేరాన్, పైకి అనలేదు. తర్వాత దోల్‌దమ్‌లో ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోవడం మొదలైంది. భోజనానికి ఎక్కడికెళ్తున్నారో చెప్పుకునే మెసేజీల గుంపులో ఆమె పేరు లేకుండా పోయింది. వాళ్ళాయన అటువైపు కదా. అటువైపు గ్యూహోని పైఅధికారి పిలిచి, మీ ఆవిడ అక్కడే ఉంటుంది కదా, అన్నాడట. ఏ ఉద్దేశంతో అన్నాడో గ్యూహో చెప్పలేదు. బట్టలు మార్చుకుని, ఏం వండావని అడిగాడు.

అమ్మాయిల పని ఆగిపోయింది. గైడు పాడటానికి పాటలు రావడం లేదు. నలుగురిలో చిన్నది సోయి మాత్రం అప్పుడప్పుడూ హేరాన్‌కి మెసేజి పెడుతుంది. టీచర్, సోమవారం ప్రాక్టీసు ఉందా? నాలుగు నెలలుగా లేదు, ఆ పిల్లకీ తెలుసు. అయినా అడుగుతుంది. ఇంకా తెలియదమ్మా, అని హేరాన్ రాస్తుంది.

మొన్న గురువారం సెవోన్ తరఫు లాయరు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఒకసారి రమ్మన్నారు. వెళితే లాయరూ, సెవోన్ ఉన్నారు. సెవోన్ ముఖం కడుక్కోకుండా వచ్చినట్టుంది. సెప్టెంబరులో నారూ వాళ్ళు కోర్టుకిచ్చిన ఒక కాగితం నకలు బల్ల మీద పెట్టి హేరాన్ వైపు జరిపారు. పైన వాస్తవ ధ్రువీకరణ అని ఉంది. కింద ఆమె పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా. “గత మే నెలలో ఒక విందు సందర్భంగా ప్రతినిధి దో సెవోన్ నలుగురు సభ్యులనూ సంస్థ నుంచి వెలుపలికి తరలించే ఉద్దేశాన్ని నా సమక్షంలో స్పష్టంగా వ్యక్తపరిచారు.” పేరు పక్కన, సంతకానికి బదులు వేసే ఎర్రటి ముద్ర. గుండ్రని ముద్రలో కింది అంచు కొంచెం విరిగి ఉంది. హారిమ్ పళ్ళొచ్చే వయసులో కొరికిన చోటు అది. ఆ ముద్రని హేరాన్ ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపట్టగలదు.

“ముద్ర మీదేనా?” అన్నాడు లాయరు.

“నాదే.”

“మీరే వేశారా?”

ఆమె ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. “ఇంటికెళ్ళి చూసుకుని చెప్తాను,” అంది చివరికి.

సెవోన్ నవ్వింది. “ముద్ర వేశావో లేదో ఇంటికెళ్ళి చూసుకోవాలా అక్కా? అదేమన్నా గ్యాస్ పొయ్యా, ఆర్పామో లేదోనని?”

హేరాన్ ఆ నకలుని బల్ల మీద వెనక్కి జరిపింది. అప్పుడు సెవోన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గొంతు మెత్తన చేసింది. “చూడక్కా. బావ బలవంతంగా వేయించాడని రాసేయ్. కంపెనీ వాళ్ళు బెదిరించారని రాయి. మాటలు లాయరుగారు సర్దిపెడతారు. నువ్వు కింద సంతకం పెడితే చాలు.”

“నన్నెవరూ బెదిరించలేదు సెవోన్.”

“బెదిరించినా నీకు తెలిసుండదులే.”

ఇంటికి వచ్చే రైల్లో ఆమెకి మే నెల గుర్తొచ్చింది. ఆ రోజు సెవోన్, తను, నలుగురమ్మాయిలు పజు ఊళ్ళో ఒక మలుగుచేప హోటల్లో కూర్చున్నారు. వారంలో రెండోసారి ఒకమ్మాయి ప్రాక్టీసులో కళ్ళు తిరిగి పడింది. సెవోన్ రెండు గ్లాసులు తాగి, “ఒక్కోసారి ఈ నలుగుర్నీ వ్యాన్లో ఎక్కించుకుని జేజు ద్వీపం పోయి కమలాల తోట పెట్టుకుందామనిపిస్తుంది అక్కా. చెట్లయితే ఏడాదికోసారి కాస్తే చాలంటారు, మూణ్ణెల్లకోసారి కాయమని ఎవరూ అడగరు,” అంది. సోయి “నాకు కమలాలు పడవు, దద్దుర్లొస్తాయి,” అంది. అందరూ నవ్వారు. అంతే. ఆ మాట హేరాన్ ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతూ గ్యూహోకి చెప్పింది. ఊరికే, నవ్వుకోడానికి. ఆమె ఏదో చెబుతూ ఉంటే అతను ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టడం మామూలు. ఆ రోజు ఫోను పక్కన పెట్టాడు. “ఇంకా ఏమంది? ఎవరెవరున్నారు అక్కడ?” అన్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆమె పని గురించి అతను రెండో ప్రశ్న అడిగాడు. హేరాన్‌కి సంతోషం వేసింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని మరీ చెప్పింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, సెవోన్ గ్లాసు ఎలా పట్టుకుందో, ఆమె గొంతు అనుకరించి కూడా చూపించింది. ఆ సంతోషాన్ని తల్చుకుంటే రైల్లో ఆమెకి ఒళ్ళంతా ముడుచుకుపోయింది. మోసపోయినందుకు కాదు. అంత కొంచానికి అంత సంతోషపడినందుకు.

ముద్ర సంగతి చూసుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఇంట్లో ముగ్గురి ముద్రలూ హాల్లో సొరుగులో ఒకే డబ్బాలో ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో బ్యాంకు కాగితాలకి ఆమెని నిద్రలేపి ముద్ర వెయ్యమంటే, “మీరే వేసెయ్యండి, ఎక్కడుందో తెలుసుగా” అంది ఆమే. స్కూలు కాగితాలు, అపార్ట్‌మెంట్ సంఘం కాగితాలు, టెలిఫోను, బీమా, అన్నిటికీ ఆ డబ్బా తీసి మూడూ టకటకా వేసెయ్యడం అతనికి అలవాటు. అందరిళ్ళలో అంతే. ఇరవై ఏళ్ళలో తన ముద్ర ఎన్ని కాగితాల మీద పడిందో, వాటిల్లో ఏం రాసుందో హేరాన్‌కి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు, అరవయ్యీ పిండడం అయ్యాక, గ్యూహో పెరట్లోకి వచ్చి ఉప్పునీళ్ళ తొట్టి వంపడానికి వంగాడు. అత్తగారు కారం గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది. గురువారం నుంచీ ఈ మాట గొంతులోనే ఉంది. కూతురు ఇంట్లో ఉందని ఒక పూట, అతనికి తలనొప్పని ఒక పూట అడగలేదు.

“ఏవండీ, నా ముద్ర మీరు తీశారా, సెప్టెంబరులో?”

అతను తొట్టి అంచు వదలకుండానే ఆగాడు. “ఎవరు చూపించారు నీకు?”

ఏ ముద్ర, ఏ కాగితం అని అడగలేదు.

“వాళ్ళ లాయరు.”

“వాళ్ళ దగ్గరికి నువ్వెందుకెళ్ళావు? నాతో ఒక్క మాట అనద్దూ?”

“మీరు నాతో అన్నారా?”

“గట్టిగా మాట్లాడకు, అమ్మ వింటుంది.” అతను తొట్టి వంపాడు. ఉప్పునీళ్ళు సిమెంటు మీద పారి కాలవలోకి పోయాయి. “నేనేం కల్పించలేదు. నువ్వు చెప్పిందే రాశాం. నలుగుర్నీ తీసుకుపోతానందా లేదా?”

“కమలాల తోట ఏమైంది?”

“కోర్టు కాగితంలో కమలాల తోట రాస్తారా ఎవరన్నా?”

“ఆవిడ అన్నది అదే కదా.”

“సారాంశం రాస్తారు. ఎక్కడైనా సారాంశమే రాస్తారు.” అతను నడుం నిలబెట్టాడు. మంచివాడి ముఖం. ఆమెకి జ్వరమొస్తే గంజి కాచి, గిన్నెలు మాత్రం కడగకుండా వదిలే మనిషి ముఖం. “ఆ సాయంత్రానికి ఇవ్వాలన్నారు. నిన్నడిగితే ఆలోచిస్తానంటావు. నీ ఆలోచన నెలకి గానీ తెమలదు. అయినా ఇన్నాళ్ళూ నిన్ను అడిగే వేస్తున్నానా?”

ఇది నిజం.

“ఇప్పుడు నేను కాదంటే ఏమవుతుంది?”

“ఏమవుతుందా? దొంగ పత్రం అంటారు. జనవరి మాట దేవుడెరుగు, నన్ను పోలీసు స్టేషనులో కూర్చోబెడతారు. కంపెనీ నన్ను వెనకేసుకొస్తుందనుకున్నావా? అతను సొంతంగా చేశాడు, మాకేం తెలియదంటారు. వచ్చే ఏడు హారిమ్‌కి యూనివర్సిటీ పరీక్ష. దాని తండ్రి పేరు పేపర్లో చూసుకుంటూ రాస్తుందా?” ఇంకా దగ్గరికి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, ప్రేమగానే. “నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు హేరాన్. అసలేమీ చెప్పకు. బుధవారం దాకా ఊరుకో. నీకు అదేమంత కష్టం కాదుగా.”

అత్తగారు కారం గిన్నె తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. “మొగుడూ పెళ్ళాం ముచ్చట్లాడుకుంటుంటే క్యాబేజీ వడిలిపోతోంది.”

తర్వాత మూడు గంటలు హేరాన్ ఆకు తర్వాత ఆకు విప్పి మధ్యలో కారం, ముల్లంగి, ఉప్పు రొయ్యల ముద్ద పూస్తూ కూర్చుంది. చేతులకి పని తెలుసు గనక తలకి తీరిక దొరికింది. ఊరుకోవడం ఎలా ఉంటుందో నిజాయితీగానే ఊహించి చూసింది. బుధవారం గడుస్తుంది. సెవోన్ ఓడిపోవచ్చు. ఓడితే హేరాన్‌కి ఏడుపు రాదు, ఆ మనిషి తన గొంతుని ఎనిమిదేళ్ళు వాడుకుని పేరు వెయ్యడానికి నవ్వుతారంది. నలుగురమ్మాయిల్ని నారూ తీసుకుంటుంది, వాళ్ళు ఇక్కడైనా అక్కడైనా కళ్ళు తిరిగి పడేవాళ్ళే. గ్యూహో డైరెక్టరవుతాడు. హారిమ్ పరీక్ష రాస్తుంది. ఎవరికీ ఏమీ కాదు. ఈ లెక్కలో తప్పెక్కడుందో వెతికింది, దొరకలేదు. ఊరుకోవడమే మంచిదని దాదాపు తేల్చుకుంది కూడా. పందొమ్మిదేళ్ళు తను పాడినవి చెరిపేశారు, వాటి గురించి ఏనాడూ పేచీ పెట్టలేదు. ఇప్పుడు అననిది అన్నట్టు రాశారు. రెంటికీ తేడా ఏమంత ఉందనుకుంది. ఆ ప్రశ్న తనకు తనే వేసుకున్నాక, ఆకు విప్పే చెయ్యి ఎంతసేపు ఆగిందో ఆమెకి తెలియలేదు.

“వదినా, నిద్రపోతున్నావా?” అంది జంగ్‌మి, తొడుగులు వేసుకుని వచ్చి పక్కన కూర్చుంటూ. ఆఖరి పది ఉన్నాయి. “మాస్కు మీద కారం పడింది చూడు. అన్నయ్య చెప్పాడు, నీకు మనసు బాలేదని. అందరి ఆఫీసుల్లోనూ ఉండే గొడవలే, పట్టించుకోకు.”

ఒంటిగంటకి పని అయింది. ఆనవాయితీ ప్రకారం పంది మాంసం ఉడికించి ముక్కలు కోసి, అప్పుడే పెట్టిన కిమ్చీతో కలిపి అందరూ బల్ల చుట్టూ చేరారు. ఉడికించింది, కోసింది హేరాన్. హారిమ్ ట్యూషన్ నుంచి నేరుగా బస్సులో వచ్చి చేరింది. జంగ్‌మి తన డబ్బాల మీద పేరు రాసుకుంటోంది. గ్యూహో తల్లి పళ్ళెంలో మెత్తటి ముక్కలు ఏరి వేస్తున్నాడు.

“ఉప్పు సరిపోయిందా?” అంది అత్తగారు.

“సరిపోయిందమ్మా. ఈ ఏడు బాగా కుదిరింది.”

“ఎందుకు కుదరదు. నలభై చాలన్న మనిషి చేత అరవై పెట్టించాను.” అత్తగారు నవ్వి, కిమ్చీ ఆకులో మాంసం ముక్క చుట్టి హేరాన్ నోటి దగ్గరికి తెచ్చింది. ఆవిడ ప్రేమ చూపించే పద్ధతి అది. హేరాన్ నోరు తెరిచి తీసుకుంది. నోటినిండా ఉండగా ఆవిడ అంది, “హారిమ్ వాళ్ళమ్మా, ఆ కాగితం సంగతి పట్టుకుని వాణ్ణి బాధపెట్టకు. పాపం వాడప్పుడే అడిగాడు నన్ను, ఏం చెయ్యనమ్మా అని. నేనే అన్నాను, దాన్ని అడిగేదేముంది, ఇంటికోసమేగా, వేసెయ్యమని.”

హేరాన్ నములుతున్నది ఆపింది.

“అమ్మా,” అన్నాడు గ్యూహో.

“అంటే తప్పేముందిరా? జంగ్‌మి కూడా అదే అంది. నా ముద్రయితే మీ నాన్న పోయాక గానీ నేను చేత్తో పట్టుకోలేదు. అది ఎలా ఉంటుందో కూడా తెలియదు నాకు. ఏం, నేను బతకలేదూ?” ఆవిడ గొంతులో గర్వం ఉంది. ఆవిడ దాన్ని నిజంగానే గర్వపడాల్సిన సంగతిగా చెబుతోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పళ్ళెం ముందు నిటారుగా కూర్చుని.

జంగ్‌మి డబ్బా మీద రాస్తున్న కలం కింద పెట్టింది. “నన్ను మధ్యలోకి లాగకు అమ్మా. అన్నయ్య ఫోను చేసి, ఏమంటావంటే, వదిన ఏమీ అనుకోదులే అన్నాను. అనుకోదు కదా అని.”

హేరాన్‌కి అప్పుడు అర్థమైంది, అతనికి ఆ సాయంత్రం సమయం లేకపోవడం కాదు. తల్లిని అడగడానికి ఉంది. యాంగ్జుకీ, జంగ్‌మి ఉండే ఇంచెయాన్‌కీ ఫోను చెయ్యడానికి ఉంది. ఆమె పేరున్న కాగితం మీద ఆమె ముద్ర వెయ్యవచ్చా అని ఇంట్లో అందరినీ అడిగాడు. ఒక్క మనిషిని తప్ప. ఆ ఒక్క మనిషీ అప్పుడు ఎక్కడుందో కూడా హేరాన్‌కి తెలుసు. గోడకి అటువైపు, వంటింట్లో.

ఆమె నోట్లో ఉన్నది మెల్లగా నమిలి మింగింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

“ఏ కాగితం?” అంది హారిమ్. పదిహేడేళ్ళ పిల్ల, చెవిలో ఇంకా ఒకవైపు ఇయర్‌ఫోను ఉంది. అమ్మ ముఖం, నాన్న ముఖం మార్చి మార్చి చూసింది. “ఏం కాగితం అమ్మా?”

“పెద్దవాళ్ళ సంగతిలే. తిను,” అన్నాడు గ్యూహో.

“నాన్నా, నేను అమ్మనడిగాను.”

“హారిమ్.” గ్యూహో చాప్‌స్టిక్స్ బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా. ఆ పెట్టడంలోనే భయపడుతున్నాడని హేరాన్‌కి తెలిసింది. ఆమె వైపు చూశాడు. పెరట్లో మోచెయ్యి పట్టుకున్నప్పటి చూపే. ఊరుకో అంటున్న చూపు. అతని మీద ఆమెకి కోపం కూడా సరిగ్గా రాలేదు. ఇతనితో ఇరవై ఏళ్ళు ఒకే కంచంలో పులుసు తిన్నాను, ఇతను స్టేషనులో బెంచీ మీద కూర్చుంటాడు, అనుకుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆమెకి తెలియదు. ఈ ఇల్లు ఉంటుందో లేదో, ఈ పిల్ల తనతో మాట్లాడుతుందో లేదో, వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర తనకో చోటు ఉంటుందో లేదో. సెవోన్ కూడా ఏమీ కృతజ్ఞత చూపదు, బెదిరించారని రాయనందుకు తిడుతుంది. ఇటువైపూ అటువైపూ తనవాళ్ళంటూ ఎవరూ మిగలరు. ఇవన్నీ ఆమె ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఏదీ చిన్నది కాదు. కానీ ఎదురుగా కూతురు జవాబు కోసం చూస్తోంది, ఇయర్‌ఫోను తీసి చేతిలో పట్టుకుని.

“మీ నాన్న వాళ్ళ కంపెనీ కేసులో కోర్టుకి నా పేరు మీద ఒక కాగితం వెళ్ళింది,” అంది హేరాన్ కూతురితో. “నేను అనని మాట అందులో ఉంది.”

“తినేటప్పుడు ఈ మాటలెందుకు వదినా,” అంది జంగ్‌మి.

“తినేటప్పుడైతే అందరూ ఉంటారని.” హేరాన్ గొంతు పెంచలేదు. కారానికి కొద్దిగా జీరపోయింది, అంతే. పళ్ళేలన్నిటి మీదా ఒకసారి చూసి, భర్త దగ్గర ఆగింది. “సోమవారం పొద్దున నా చేత్తో ఒక కాగితం రాసి లాయరుకి ఇస్తాను. ఆ రోజు సెవోన్ ఏమందో మొదటి నుంచి చివరిదాకా రాస్తాను, ఎక్కువా తక్కువా లేకుండా. ముందు వెళ్ళిన కాగితం నేను రాయలేదనీ, దాని మీద ముద్ర నేను వెయ్యలేదనీ రాస్తాను.”

“హేరాన్,” అన్నాడు గ్యూహో.

“మరైతే ఎవరు వేశారని అడుగుతారు,” అంది ఆమె. “అదీ రాస్తాను.”